వాన ఒక్కటే కారణమా? వరంగల్ మునకల వెనుక తెగిపోయిన చెరువుల గొలుసు

క్లుప్తంగా

వరంగల్, హనుమకొండల్లో కొన్నేళ్లుగా పెద్ద వాన పడ్డ ప్రతిసారీ దాదాపు అవే కాలనీలు మునుగుతున్నాయి. వానల తీరు మారింది, అందులో అనుమానం లేదు. కానీ అంత నీటిని ఎక్కడికక్కడ ఆపి మెల్లగా కిందికి వదిలే గొలుసుకట్టు చెరువుల ఏర్పాటు మనుషుల చేతుల్లోనే ముక్కలైంది. అందరి కళ్లూ చెరువు ఆక్రమణల మీదే ఉంటాయి కానీ, ముందుగా పోయింది చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలువ. ఎండాకాలం బోర్లు ఎండడం, చెరువుల్లో గుర్రపుడెక్క పేరుకోవడం కూడా ఇందులో భాగమే.

అవే కాలనీలు, అవే పడవలు

2020 ఆగస్టు మధ్యలో రోజుల తరబడి పడ్డ వానకు నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ నడిబొడ్డు నీళ్లలో నిలిచింది. అప్పుడే నాలాల మీద కట్టిన కట్టడాలు తీసేయాలన్న మాట గట్టిగా వినిపించింది, కొన్ని తీశారు కూడా. 2023 జులై చివరి వారంలో మళ్లీ అదే. బొందివాగు పొంగి హంటర్ రోడ్డు, సంతోషిమాత కాలనీ, ఎన్టీఆర్ నగర్, ఎన్ఎన్ నగర్ వైపు జనాన్ని పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను ప్రభావంతో ఒక్క రోజు గట్టిగా కురిస్తే నగరం ఇంకోసారి మునిగింది. అది రుతుపవనాలు వెనక్కి పోయాక వచ్చిన వాన. చేతికొచ్చిన వరి, పత్తి మీద పడింది కాబట్టి పల్లెలకూ గట్టి దెబ్బే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మూడు వానల మోతాదు వేరు, కురిసిన తీరు వేరు, నెలలు కూడా వేరు. మునిగిన చోట్లు మాత్రం చాలావరకు ఒకటే. వాన ఒక్కటే కారణమైతే మునిగే చోట్లు కూడా ఎంతో కొంత మారాలి. మారడం లేదంటే కారణం పైన ఆకాశంలో ఉన్నంతగా కింద నేలలో కూడా ఉన్నట్టే.

అట్లాగని వానను తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. అదే 2023 జులైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎప్పుడూ లెక్కకెక్కలేదు. వరంగల్ చుట్టుపక్కల ఏడాది మొత్తానికి పడేదే 1000 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అంటే ఏడాది వానలో మూడింట రెండు వంతులు ఒక్క పగలూ రాత్రిలో దిగిపోయిందన్నమాట. మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగి, జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కి హెలికాప్టర్ కోసం ఎదురుచూసింది ఆ వానకే. అలాంటి రోజున ఎంత బాగున్న చెరువుల వ్యవస్థ అయినా చేతులెత్తేస్తుంది. కానీ వరంగల్ నగరం మునగడానికి ఇప్పుడు అంత వాన అక్కర్లేదు, అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

గొలుసు ఎలా పనిచేసేది

వరంగల్ పెద్ద నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు. గోదావరి, కృష్ణా పరీవాహకాల మధ్య కాస్త ఎత్తు నేల మీద ఉంది. నేల కింద గట్టి రాయి. పైనున్న మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి, ఇసుక నేలల్లో లాగా లోతుగా నిల్వ ఉండవు. నదీ లేదు, భూమి లోపల పెద్ద నిల్వా లేదు, వానేమో ఏడాదిలో నాలుగు నెలలే. అలాంటి చోట రాజధాని పెట్టుకున్న కాకతీయులకు నీళ్లను నేల మీదే ఆపుకోవడం తప్ప వేరే దారి లేదు. 13వ శతాబ్దం నాటి పాకాల, రామప్ప, లక్నవరం, గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు, ఇవన్నీ ఆ అవసరంలోంచి వచ్చినవే.

పేరు పెద్ద చెరువులకు వచ్చింది కానీ పనిలో సగం చేసింది పేరు కూడా తెలియని కుంటలు. గుట్ట కింద ఒక కుంట. అది నిండితే మత్తడి దుంకి, కాలువ పట్టుకుని కింద ఊరి చెరువులోకి. అదీ నిండితే ఇంకా కింది చెరువుకు. చివరికి వాగులోకి, నదిలోకి. మత్తడి అంటే నిండిన చెరువు నుంచి అదనపు నీళ్లు పోవడానికి కట్టకు ఒక పక్కన కట్టిన రాతి పొర్లుగట్టు, కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. దాని ఎత్తే చెరువు నిండా నీటి మట్టాన్ని, అంటే ఇప్పుడు అధికారులు ఎఫ్‌టీఎల్ అనేదాన్ని, నిర్ణయిస్తుంది. తూము వేరు, అది ఆయకట్టు పొలాలకు నీళ్లు వదిలేది. తూము, మత్తడి, కట్ట, వచ్చే కాలువ, పోయే కాలువ, ఈ ఐదింటిలో ఏది చెడినా మిగతా నాలుగూ ఉండి ప్రయోజనం లేదు.

ఈ ఏర్పాటులో అసలు తెలివి నీళ్లు దాచడంలో కన్నా నీళ్లను ఆలస్యం చేయడంలో ఉంది. గుట్ట మీద పొద్దున పడ్డ వాన, మధ్యలో నాలుగు చెరువులు దాటుకుని వచ్చేసరికి, కింది ఊరికి ఒకటి రెండు రోజులు పట్టేది. మొత్తం నీళ్లు అంతే, కానీ ఒకేసారి రావు. వరద అనేది ఎన్ని నీళ్లు వచ్చాయన్నదాని కన్నా ఎంత సేపట్లో వచ్చాయన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. పైగా నిలిచినన్నాళ్లూ ఆ నీళ్లు కిందికి ఇంకి చుట్టుపక్కల బావులకు ఊట ఇచ్చేవి, అడుగున చేరిన ఒండ్రు మట్టిని రైతులు ఎండాకాలం బండ్లతో పొలాలకు తోలుకునేవాళ్లు, దాంతో పూడిక దానంతట అదే తగ్గేది. కట్టను, తూమును చూసుకోవడానికి ఊళ్లో నీరడి ఉండేవాడు. కట్ట మీద మైసమ్మ ఉండేది, ఇప్పటికీ ఉంది. నీరడి మాత్రం లేడు. తెలంగాణలో వీఆర్ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ 2020లో రద్దయింది, నీరడి పని చేసే వీఆర్ఏలను (గ్రామ రెవెన్యూ సహాయకులను) 2023లో వేరే శాఖలకు సర్దేశారు. దాంతో చెరువు గండి పడబోతోందని అర్ధరాత్రి కట్ట మీదికి పోయి చూసే ఆనవాయితీ మనిషి పోయాడు.

తెగింది ఎక్కడ

చెరువు ఆక్రమణ అనగానే నీళ్లలో పిల్లర్లు వేసి కట్టిన అపార్ట్‌మెంటు గుర్తొస్తుంది. అది చివరి దశ. అంతకుముందు చాలా జరుగుతుంది, అదంతా ఎవరి కంటా పడదు.

మొదట పోయేది కాలువ. ఏడాదిలో పది పదిహేను రోజులే పారే కాలువ మిగతా రోజుల్లో ఖాళీ జాగాలా కనిపిస్తుంది. పక్క పొలం రైతు రెండు సాళ్లు కలుపుకుంటాడు, తర్వాత వెంచర్ వేసినవాళ్లు దాన్ని రోడ్డుగా చూపిస్తారు, ఆ రోడ్డు కింద రెండడుగుల పైపు వేసి కాలువ ఉన్నట్టే లెక్క అంటారు. కాలువ తెగిన చెరువుకు పైనుంచి నీళ్లు రావు. రెండు మూడేళ్లు ఎండిపోయి ఉంటే అది చెరువు కాదు, బీడు భూమి అన్న మాట పుడుతుంది. అప్పుడు శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్ల కింద ఉండే భూమిలో, ప్లాట్లు మొదలవుతాయి. అంటే చెరువు ఎండింది కాబట్టి ఆక్రమించారు అని చెప్పే చాలా చోట్ల వరస తలకిందులుగా ఉంటుంది, ముందు కాలువ మూసుకుపోయింది కాబట్టి చెరువు ఎండింది.

రెండోది మత్తడి. శిఖం అంచున ప్లాట్లు అమ్ముకోవాలంటే నీళ్లు అక్కడిదాకా రాకూడదు. మత్తడి రాళ్లను ఓ అర మీటరు తీసేస్తే చాలు. ఇది చూడటానికి చాలా చిన్న పని, రాత్రికి రాత్రి అయిపోతుంది. లెక్క వేస్తే మాత్రం చిన్నదేమీ కాదు. 100 ఎకరాల చెరువులో నీటి మట్టం అర మీటరు తగ్గితే పట్టే నీళ్లు సుమారు 20 కోట్ల లీటర్లు తగ్గుతాయి. 2 చదరపు కిలోమీటర్ల నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీళ్లు కూడా సరిగ్గా అంతే. ఒక పెద్ద కాలనీ మొత్తం మీద పడ్డ భారీ వానను ఆపగలిగిన చోటు, ఎవరో నాలుగు రాళ్లు పీకినందుకు పోతుంది.

మూడోది నేల. మట్టి, గడ్డి, పొలం ఉన్న చోట వాన పడితే మామూలుగా అందులో సగం కూడా వెంటనే పారదు, కొంత ఇంకుతుంది, కొంత గుంటల్లో నిలుస్తుంది. సిమెంటు రోడ్డు, ఇంటి కప్పు, టైల్స్ వేసిన ఆవరణ అయితే పదింట ఎనిమిది తొమ్మిది వంతులు పారిపోతుంది, అదీ నిమిషాల్లో. గ్రేటర్ వరంగల్‌లో చుట్టుపక్కల గ్రామాలను కలిపాక నగరం విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది, ఒకప్పటి ఆయకట్టు పొలాలే ఇప్పటి కాలనీలు. నీళ్లు తాగే నేల తగ్గింది, నీళ్లు ఆపే చెరువు తగ్గింది, నీళ్లు మోసే నాలా కూడా తగ్గింది. మూడూ ఒకే కాలంలో, ఒకే దిక్కుగా.

నాలా సంగతి ఇంకొంచెం చూడాలి. నాలా వెడల్పు సగానికి తగ్గితే మోసే నీళ్లు కూడా సగమవుతాయని అనుకుంటారు. నిజానికి సగం కన్నా కూడా తగ్గుతాయి, ఎందుకంటే పారే జాగా సగమైనా రెండు పక్కల గోడల రాపిడి అలాగే ఉంటుంది. దానికి తోడు కల్వర్టు దగ్గర ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్, ఇంట్లో పనికిరాని పరుపులు. వెడల్పు చేసిన నాలా అయినా ఒక్క ఇరుకు కల్వర్టు దగ్గర ఆగితే వెనకంతా చెరువే. అందుకే నాలాను మధ్యలో ఒక అర కిలోమీటరు బాగుచేసి రెండు వైపులా గోడలు కట్టడం చాలాసార్లు మునకను ఆపదు, ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి మారుస్తుంది, అంతే.

శిఖం పట్టా అనే చిక్కు

ఆక్రమణ అనే మాట వినగానే అందరూ దొంగలన్న అర్థం వస్తుంది. ఉత్తర తెలంగాణలో వ్యవహారం అంత సూటిగా ఉండదు. చెరువు నిండినప్పుడు నీళ్ల కింద ఉండే భూమిని శిఖం అంటారు. అందులో సర్కారు శిఖం ఉంది, శిఖం పట్టా కూడా ఉంది. పట్టా ఉన్న రైతు నీళ్లు తగ్గాక అక్కడ పంట వేసుకోవచ్చు, అది చాలా పాత పద్ధతి, చెరువుకు దానివల్ల నష్టం లేదు. మట్టి పోసి ఎత్తు చేయడం, కట్టడాలు లేపడం మాత్రం కుదరదు. కానీ చేతిలో పట్టా ఉంది. ఎకరం లెక్కన పండించే భూమి గజాల లెక్కన అమ్ముడుపోయే ధర వచ్చినప్పుడు ఆ పట్టా చేతులు మారుతుంది. కొన్నవాడు ఉద్యోగం చేసుకుని లోన్ తీసుకున్న మామూలు మనిషి, కాగితాలు సరిగ్గానే ఉన్నాయని నమ్మినవాడు. మునిగేదీ అతనే, ఇల్లు కూల్చేస్తారేమోనన్న టెన్షన్ కూడా అతనికే. ప్లాట్లు చేసి అమ్మినవాడు అప్పటికి ఇంకో ఊళ్లో వెంచర్ వేసుకుంటూ ఉంటాడు.

చట్టాలు లేక కాదు. నీరు, భూమి, చెట్లను కాపాడటానికి 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న వాటికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. ఈ అంకెల్లోనే ఒక బలహీనత ఉంది. గొలుసులో అన్నిటికన్నా అవసరమైన చిన్న కాలువకు దక్కిన రక్షణ 2 మీటర్లు, అంటే ఒక మంచం పొడవు. పెద్ద చెరువుకు జీవో అండ ఎక్కువ, దాన్ని నింపే సన్న కాలువకు దాదాపు లేదు.

పైగా ఒక్క చెరువుకు యజమానులు చాలామంది. కట్ట, మత్తడి, తూము నీటిపారుదల శాఖవి. శిఖం భూమి రికార్డు రెవెన్యూది. లేఅవుటు అనుమతి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) చూస్తుంది, ఇంటి అనుమతి, నాలా, మురుగు కార్పొరేషన్‌వి. చేపలు మత్స్య సహకార సంఘానివి. ఒక శాఖ ఆక్రమణ అన్నదానికి ఇంకో శాఖ ఇంటి నంబరు ఇస్తుంది, కరెంటు మీటరు వస్తుంది, పన్ను కట్టించుకుంటారు, ఆ తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుందని జనం ఎదురుచూస్తారు. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా పెట్టినప్పుడు దాని పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. వరంగల్‌కు అలాంటి ప్రత్యేక సంస్థ కావాలన్న చర్చ అప్పటి నుంచి నడుస్తోంది. సంస్థ పేరు ఏదైనా, హద్దు రాళ్లు పాతి, కాలువలతో సహా పటం బయటపెట్టకుండా కూల్చివేతలు మొదలుపెడితే అవి కోర్టు స్టేల దగ్గరే ఆగుతాయి.

చెరువు ఖాళీగా ఉండాలా, నిండుగా ఉండాలా

ఇది పెద్దగా చర్చకు రాని విషయం. పాత రోజుల్లో వానాకాలం మొదలయ్యేసరికి చెరువులు సగానికి సగం ఖాళీ. మొదటి పెద్ద వాన వచ్చినా అవి తాగేసేవి. ఇప్పుడు పరిస్థితి వేరు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు నగరానికి తాగునీటి నిల్వలుగా కూడా పనిచేస్తూ వచ్చాయి. దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువ నీళ్లు, ధర్మసాగర్‌కైతే దేవాదుల ఎత్తిపోతల నీళ్లు కూడా వస్తాయి. పల్లెల్లోనూ కాలువ నీళ్లతో చెరువులు నింపడం రివాజైంది. రైతుకు అది మేలే. కాకపోతే జులై నాటికే నిండుగా ఉన్న చెరువుకు వరదను పట్టే చోటు ఉండదు, పైనుంచి వచ్చింది వచ్చినట్టు మత్తడి మీదుగా కిందికి పోతుంది. ఒకే చెరువు ఎండాకాలానికి దాహం తీర్చాలి, వానాకాలానికి వరద ఆపాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. జూన్, జులైలలో ఎంత మట్టం ఉంచాలి, వాన హెచ్చరిక వస్తే తూములు ఎప్పుడు తెరవాలి అన్న లెక్క పెద్ద ప్రాజెక్టులకు ఉన్నట్టు నగరంలోని చెరువులకూ కావాలి.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలను గుర్తించి పూడిక తీసే పని పెట్టుకుంది. దాంతో చాలా ఊళ్లలో చెరువుల్లో నీళ్లు నిలిచాయి, పొలాలకు ఒండ్రు మట్టి చేరింది, అది కాదనలేనిది. పూడిక, కట్ట, తూముల మీద పెట్టినంత శ్రద్ధ చెరువుల మధ్య కాలువల మీద పెట్టలేదన్న విమర్శ కూడా అంతే సరైనది. పూడిక తీస్తే గుంట లోతవుతుంది. గొలుసు మాత్రం అతకదు.

మురుగు చేసే పని

కాలువ పూర్తిగా పోని చోట అది మురుగు కాలువగా మారింది. వాన నీళ్లకూ ఇళ్ల మురుగుకూ వేరువేరు దారులు లేని ఊరు ఇది, రెండూ ఒకే నాలాలో పోతాయి. దానివల్ల రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఏడాది పొడవునా పారే మురుగుతో నాలా అడుగు పూడిపోయి వాన వచ్చేసరికి చోటు ఉండదు. రెండోది చెరువులో కనిపిస్తుంది. మురుగులో, డిటర్జెంట్లలో ఉండే నత్రజని, భాస్వరం నీటి మొక్కలకు ఎరువే. గుర్రపుడెక్క కొన్ని వారాల్లో చెరువంతా కమ్ముకుంటుంది. ఎండ లోపలికి దిగదు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, చచ్చిన ఆకు అడుగున కుళ్లి మిగిలిన ఆక్సిజన్‌నూ తినేస్తుంది, చేపలు తెల్లారేసరికి తేలతాయి. తేలిన చేపలను చూసి విషం కలిపారని అనుమానిస్తారు, చాలాసార్లు ఎవరూ ఏమీ కలిపి ఉండరు. ఆ కుళ్లిన మొక్కే మళ్లీ పూడిక.

భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీ చేసి పూడిక తీత మొదలుపెట్టింది ఇంత పేరుకున్నాకే. మురుగును మళ్లించకుండా పూడిక మాత్రమే తీస్తే ఇదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది, ఎందుకంటే గుర్రపుడెక్కకు కావాల్సింది లోతు కాదు, ఎరువు. గణపతి నిమజ్జనంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల మీద ప్రతి ఏడాదీ గొడవ జరుగుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో వాటిని వద్దంది, అది సబబే. కానీ ఏడాదిలో ఒక వారం పడే బొమ్మల కన్నా 365 రోజులూ పడే మురుగు చేసే చెడు ఎక్కువ. పూలతో చేసే బతుకమ్మ మాత్రం నీళ్లలో కరిగిపోయేదే.

ఊరి బయట: గుట్ట, ఇసుక, బొగ్గు

గొలుసు పై కొస గుట్ట దగ్గర ఉందని చెప్పుకున్నాం. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైటుకు విదేశాల్లో మంచి గిరాకీ. గుట్టను బ్లాకులుగా కోసి తీసుకుపోతే మిగిలేది లోతైన గుంత, చుట్టూ పనికిరాని రాళ్ల కుప్పలు. గుట్ట వాలు మీదుగా కుంటలోకి దిగాల్సిన నీళ్లు ఆ గుంతలో పడి ఆగిపోతాయి. రాతి పొడి వానకు కొట్టుకుపోయి కింది కుంట అడుగున పేరుకుంటుంది, ఒండ్రులా పొలానికి పనికొచ్చేది కాదది. గ్రానైటు మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి, రాబడి ఉంది. కుంట ఎండిపోయిన రైతు నష్టం మాత్రం ఆ రాబడి లెక్కలో ఎక్కడా రాదు.

మానేరు, గోదావరి ఇసుకది ఇంకో తీరు. వాగులో ఇసుక అంటే ఉత్త ఇసుక కాదు, దాని రేణువుల సందుల్లో, పరిమాణంలో పావు వంతు దాకా, నీళ్లు నిల్వ ఉంటాయి. ఎండకు ఆవిరి కాని నిల్వ అది. రెండు మూడు మీటర్ల ఇసుక తోడేస్తే వాగు అడుగు దిగిపోతుంది, దానితో పాటు ఒడ్డున ఉన్న బావుల మట్టం కూడా. చెక్‌డ్యాములు, వంతెనల పునాదులు బయటపడతాయి. ఇసుక లేకుండా ఇల్లు కట్టలేం కాబట్టి తవ్వకమే వద్దనడం కుదరదు, ఏటా వాగు తెచ్చే ఇసుక కన్నా తీసేది ఎక్కువైతేనే చిక్కు. రాతి ఇసుక వాడకం పెరుగుతోంది, అదీ మళ్లీ ఏదో ఒక గుట్ట నుంచే రావాలి.

సింగరేణిలో భూగర్భ గనుల నుంచి ఓపెన్‌కాస్టుకు మారాక నేల మీద పడే భారం పెరిగింది. భూగర్భ గనిలో బొగ్గు మాత్రమే పైకి వస్తుంది, ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గుకు దానికి కొన్ని రెట్ల మట్టి, రాయి తీసి పక్కన పోయాలి. రామగుండం, భూపాలపల్లి, మందమర్రి వైపు కనిపించే ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు అవే. మొక్కలు నిలదొక్కుకోని ఓబీ గుట్ట నుంచి వానకు కొట్టుకొచ్చే మట్టి దగ్గర్లోని ఒర్రెను, చెరువును పూడుస్తుంది.

పాకాలకూ భద్రకాళికీ తేడా

రెండూ కాకతీయుల కాలానివే. పాకాల చెరువు 1213 నాటిది, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆయకట్టుకు నీళ్లిస్తూనే ఉంది. దాని నీళ్లు వచ్చేది అడవిలోంచి, ఆ అడవి అభయారణ్యం. చెట్ల వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి పూడిక తక్కువ, ఆకు పొర వానను పీల్చుకుని రోజుల తరబడి వదులుతుంది. భద్రకాళికి నీళ్లు వచ్చేది కాలనీల్లోంచి. వాన ఆగిన గంటకే వరద, దానితో పాటు మురుగు, చెత్త. చెరువు అదే, కట్టిన పద్ధతి అదే, పైనున్న నేల వేరు. చెరువును కాపాడాలంటే చెరువు చుట్టూ ఫెన్సింగ్, వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు పెట్టడం దగ్గర ఆగితే ఎందుకు సరిపోదో ఈ ఒక్క పోలిక చూస్తే తెలుస్తుంది. పాకాలకు కూడా పూర్తి భరోసా లేదు, పై అడవి పలచబడితే అక్కడా ఇదే వరస మొదలవుతుంది.

మేఘాలదా తప్పు?

మునక వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు. అంతా వాతావరణ మార్పే అనేది ఒకటి, అంతా ఆక్రమణలే అనేది ఇంకొకటి. మొదటిది అధికారంలో ఉన్నవాళ్లకు సుఖంగా ఉంటుంది, రెండోది లేనివాళ్లకు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు, కాబట్టి కురిసే రోజున ఎక్కువ కురిసే అవకాశం పెరుగుతుంది, ఇది భౌతిక శాస్త్రం. ఆ 7 శాతం కాలనీ మీద పడేసరికి ఎంతవుతుందన్నది నేల నిర్ణయిస్తుంది. పొలం ఉన్న చోట సిమెంటు వస్తే పారే నీళ్లు రెండింతలు, మూడింతలు అవుతాయి. అంటే వాన పెరిగింది కాస్త, దాన్ని వరదగా మార్చే గుణకం పెరిగింది చాలా. మొదటిది ప్రపంచమంతా కలిసి మెల్లగా సరిచేసుకోవాల్సింది. రెండోది వరంగల్ చేతిలోనే ఉంది.

గొలుసుకట్టులో ఒక ప్రమాదమూ ఉంది, దాన్ని దాచి కాకతీయులను పొగడటం సరికాదు. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అది తట్టుకోలేకపోతే ఇంకా కిందిది. ఆనవాయితీగా చూసుకునే మనిషి లేని, మత్తడి ముందు మట్టి పోసుకున్న చెరువుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే కొండల వైపు ఉన్న చిన్న కుంటల కట్టలను ముందు పటిష్ఠం చేయకుండా నగరంలో నాలాల మీదే ఖర్చు పెట్టడం తలకిందుల పని.

ముందు ముందు

ఇలాగే సాగితే ఒకే కాలనీలో ఆగస్టులో పడవ, ఏప్రిల్‌లో ట్యాంకర్ అన్నది మామూలైపోతుంది. ఈ రెండూ వేరు సమస్యలుగా కనిపిస్తాయి కానీ, వాన నీళ్లు ఆగకుండా పారిపోయినందుకు వానాకాలం వరద, అవే నీళ్లు ఇంకనందుకు ఎండాకాలం కరువు. బోర్లు ఇంకా లోతుకు పోతాయి, లోతు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. మునిగే కాలనీల్లో అద్దెలు, ధరలు తగ్గి, కాస్త ఉన్నవాళ్లు బయటికి పోయి, పోలేనివాళ్లే మిగులుతారు. కొత్త వెంచర్లు ఇప్పుడు నగరం అంచున ఉన్న, ఇంకా కాలువలు బతికే ఉన్న ఊళ్ల వైపు పోతున్నాయి. గొలుసులో ఇంకా తెగని కొసలు ఉన్నది అక్కడే. ఇప్పటికే మునిగిన నగరం నడిబొడ్డులో ఇళ్లు కూల్చి నాలా వెడల్పు చేయడానికయ్యే ఖర్చుతో, గొడవతో పోలిస్తే అక్కడ కాలువకు హద్దు రాళ్లు వేసి వదిలేయడం చాలా చవక.

ప్లాటు కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితం, లేఅవుటు నంబరు చూసి ఊరుకుంటున్నారు. గ్రామ నక్షాలో ఆ సర్వే నంబరు పక్కన కాలువ గీత ఉందా, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఆ భూమి శిఖం అని రాసి ఉందా, దగ్గర్లోని చెరువు మత్తడి ఏ వైపు ఉంది, అది దుంకితే నీళ్లు ఎటు పోతాయి అన్నది కూడా చూసుకోవాలి. పాత రికార్డు నకలు తహసీల్ ఆఫీసులో అడిగి తీసుకోవచ్చు. మత్తడి నీళ్లు ఎటు పోతాయన్నది మాత్రం ఆ ఊరి చేపల సంఘంలోనో, ఆయకట్టు కింద ఇంకా వరి వేసే రైతుల్లోనో ఎవరిని అడిగినా చెప్తారు.